ఆకు మీద ఉప్పు: కోరంగి పాయ ఒడ్డున ఒక ఫొటో పని

మాది కోనసీమలో చిన్న స్టూడియో. పెళ్లిళ్లు, ఓణీల ఫంక్షన్లు, గృహప్రవేశాలు. ఆషాఢంలోనూ పుష్యంలోనూ ముహూర్తాలు ఉండవు కాబట్టి ఆ రెండు నెలలూ లెన్సులు తుడుచుకుంటూ కూర్చుంటాం. అలాంటి ఒక పుష్యమాసంలో, సంక్రాంతి హడావిడి తగ్గాక, పక్క ఊరి హైస్కూలు ఫిజిక్స్ మాస్టారు వచ్చారు. ఆయన మేనకోడలి పెళ్లి ఆల్బమ్ మేమే చేశాం. ఇంకేదో శుభకార్యం అనుకుని బుకింగ్ డైరీ తీశాను.

"పెళ్లి కాదండీ, ఉప్పు ఫొటో తియ్యాలి" అన్నారు.

1928 ఫిబ్రవరి 28న సి.వి. రామన్ తన కాంతి ఫలితాన్ని ప్రకటించారు కదా, ఆ తేదీనే మన దేశంలో సైన్స్ దినోత్సవం చేస్తారు. బడిలో ఏటా అగ్నిపర్వతం నమూనా, గాలిమర నమూనా పెట్టి పెట్టి మాస్టారికి విసుగొచ్చింది. ఈసారి గోడకి మూడు పెద్ద ప్రింట్లు పెడదామని ఆయన ఆలోచన. యానాం దాటితే చాలు, తాళ్లరేవు నుంచి కోరంగి దాకా మడ అడవి. ఆ మడ చెట్టు ఉప్పునీళ్లలో నిలబడి, ఒంట్లో చేరిన ఉప్పుని ఆకుల మీదకి కక్కేస్తుంది. అది ఎండితే పలుకులు కడుతుంది. ఆ పలుకులు దగ్గరగా కనబడాలి, పిల్లలు చూసి "ఇది ఇలా నలుచదరంగా ఎందుకుంది?" అని అడగాలి. ఇదీ పని. డబ్బుల సంగతి అడిగితే ప్రింట్ల ఖర్చు మాత్రం ఇస్తామన్నారు. పుష్యమాసం కదా, ఒప్పుకున్నాను.

ఆ పని ఎలా చెడిందో, ఎలా కుదిరిందో ఇక్కడ రాస్తున్నాను. నాలాగే పెళ్లిళ్లు తీసుకుంటూ మధ్యలో ఇలాంటివి ప్రయత్నించేవాళ్లకి పనికొస్తుంది.

మొదటి రెండు రోజులు దండగ

ఫొటో అంటే పొద్దున్నే తియ్యాలి. మా నాన్న చెప్పింది అదే, నేను మా కుర్రాళ్లకి చెప్పేదీ అదే. మెత్తటి వెలుగు, పొడుగు నీడలు, మంచు తెర. అందుకే చీకటితో లేచి, ఎదుర్లంక వంతెన మీద గౌతమిని దాటి, ఆరున్నరకల్లా పాయ ఒడ్డున ఉన్నాను. అభయారణ్యం లోపలికి వెళ్లలేదు. 1978లో ప్రకటించిన 235 చదరపు కిలోమీటర్ల రక్షిత అడవి అది, అందులో ఇలాంటి పనికి అటవీ శాఖ అనుమతి కావాలి. హద్దు బయట, ఊరి రేవు పక్కనే మడ చెట్లున్నాయి. పెద్దవయసు పడవాయన ఒకాయన తోడొచ్చారు.

నా కంటికి ముందు ఆనింది నీళ్లలోకి కాళ్లు దించినట్టు వేళ్లన్నీ వంపులు తిరిగి నిలబడిన చెట్టు. మడ అడవి అనగానే అందరికీ గుర్తొచ్చే బొమ్మ అదే. ఆకులు దళసరిగా, నూనె రాసినట్టు మెరుస్తున్నాయి. గంటన్నర దాని మీదే పనిచేశాను. పడవాయన చూసి చూసి అన్నారు:

"బాబుగారూ, తమరికి ఉప్పు కావాలన్నారు కదండీ. ఆ చెట్టుకి ఉప్పు రాదండీ."

ఆయన చెప్పింది అక్షరాలా నిజం. వంపువేళ్ల చెట్టు ఉప్పుని వేళ్ల దగ్గరే చాలావరకు ఆపేస్తుంది, ఆకుల మీదకి కక్కడానికి దానికి గ్రంథులు లేవు. మడ చెట్టుకి ఉన్నాయి. అదీ వేళ్ల దగ్గరే ఎక్కువ ఉప్పు ఆపుతుంది, దాటివచ్చిన కాస్త ఉప్పుని ఆకుల మీదకి తోసేస్తుంది. బురదలోంచి పెన్సిళ్లు గుచ్చినట్టు పైకి లేచిన ఊపిరివేళ్లు ఉంటే అది మడ. గుర్తు పట్టడానికి పడవాయన ఇంకో దారి చెప్పారు: ఆకు నాకి చూడ్డం. నాకాను. పచ్చి ఉప్పు. వెంటనే గట్టిగా హెచ్చరించారు కూడా: "అన్ని ఆకులూ నాకకండీ, ఆయ్. ఆ పక్కది తిల్ల. దాని పాలు కంట్లో పడితే చూపు పోద్దండీ." తిల్ల చెట్టు పాలు కళ్లకి ప్రమాదమన్న మాట పుస్తకాల్లోనూ ఉంది. కొమ్మలు పక్కకి తొయ్యబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

మర్నాడు సరైన చెట్టు దగ్గరే మొదలుపెట్టాను. ప్రతి ఆకు మీదా బొట్లు. ఒక్కో బొట్టులో తలకిందులుగా ఆకాశం, చెట్లు, పడవ. రెండొందల ఫొటోలు తీశాను. ఇంటికొచ్చి కంప్యూటర్లో చూసుకుని మురిసిపోయాను.

మాస్టారు ఒక్కొక్కటే చూశారు. "చాలా బాగున్నాయండీ" అన్నారు. కాసేపు ఆగి, "ఉప్పేదీ?" అన్నారు.

జాడీలో ఉప్పు చెమర్చినట్టు

ఇక్కడ నాకు సైన్సు చెప్పింది మాస్టారు, అర్థమయ్యేలా చేసింది మా అమ్మ. సోడియం క్లోరైడ్‌కి ఒక గీత ఉంది. చుట్టూ గాలిలో తేమ సుమారు 75 శాతం దాటితే, ఉప్పు ఆ తేమని లాక్కుని తనే నీరైపోతుంది. ఇదంతా విని అమ్మ "వానాకాలం జాడీలో ఉప్పు చెమర్చదేంట్రా, అదే కదా" అంది. అదే. కల్లుప్పులో కాస్త మెగ్నీషియం క్లోరైడ్ కూడా ఉంటుంది కాబట్టి ఇంకా తొందరగా చెమరుస్తుంది.

కోనసీమలో జనవరి తెల్లవారుజామున తేమ ఎంత ఉంటుందో చెప్పక్కర్లేదు, ఆరేసిన తుండుగుడ్డ పిండితే నీళ్లొస్తాయి. నేను మంచు బొట్లనుకుని రెండొందల ఫొటోలు తీసినవి చాలావరకు ఉప్పే. రాత్రంతా గాలిలోంచి తేమ తాగి కరిగి కూర్చున్న ఉప్పు. ఆకుకి నాలుక పెట్టి రుచి చూసినవాణ్ని, ఆ ముక్క నాకు అప్పుడే తట్టలేదు.

అంటే నాకు కావాల్సింది తేమ పడిపోయే వేళ. ఎండ బాగా కాసి, ఆకు వేడెక్కి, సముద్రం గాలి ఇంకా తిరగని వేళ. లెక్క వేస్తే పదకొండు నుంచి ఒంటిగంట మధ్య. ముప్ఫై ఏళ్లుగా నేనూ మా నాన్నా కెమెరా సంచిలో పెట్టేసి నీడ చూసుకునే టైము. పెళ్లిలో ఎవరైనా మిట్టమధ్యాహ్నం గ్రూపు ఫొటో అడిగితే మొహాల మీద నల్లటి నీడలొస్తాయని పందిట్లోకి లాక్కెళ్లే టైము.

ఇంకో లెక్క పడవాయనది. ఆ చెట్టు దగ్గర బురద మీద కూర్చోవాలంటే పాటు, అంటే సముద్రపు నీళ్లు వెనక్కి తీసిన వేళ, ఉండాలి. పోటు మీదుంటే మోకాలి లోతు నీళ్లు. పాటు రోజుకి సుమారు యాభై నిమిషాలు వెనక్కి జరుగుతుంది. ఇవాళ పన్నెండుకి పాటైతే వారం తిరిగేసరికి అదే వేళకి పోటు. ఈ రెండూ కుదిరిన రోజులు ఫిబ్రవరిలో ఏడు వచ్చాయి. ఈలోగా మాఘం వచ్చేసింది, అందులో నాలుగు రోజులకి ముహూర్తాలు రాసేసుకున్నాను. మిగిలినవి మూడు. టెన్షన్ అప్పుడు మొదలైంది.

సామాను

నా దగ్గర 100 మిల్లీమీటర్ల మాక్రో లెన్సు ఉంది. ఉంగరాలు, మంగళసూత్రాలు, జడబిళ్లలు తియ్యడానికి కొన్నది. అది వస్తువుని సెన్సర్ మీద ఒకటికి ఒకటి, అంటే ఉన్నంత సైజులో, చూపిస్తుంది. ఉప్పు పలుకులు మిల్లీమీటరులో నాలుగో వంతు కూడా ఉండవు, ఒకటికి ఒకటి చాలదు. పాత పద్ధతి ఒకటుంది: మాక్రో ముందు ఇంకో లెన్సుని తలకిందులుగా తగిలించడం. ముందుదాని ఫోకల్ లెంగ్త్‌తో వెనకదాన్ని భాగిస్తే అన్ని రెట్లు. నాన్న ఫిల్మ్ కెమెరా నాటి 28 మిల్లీమీటర్ల లెన్సు బీరువాలో ఉంది. 100ని 28తో భాగిస్తే మూడున్నర పైచిలుకు. రెండు వైపులా మర ఉన్న రింగు ఒకటి నాలుగొందల చిల్లర పెట్టి తెప్పించాను. ఈ పనికి కొత్తగా కొన్నది అదీ, గోడకి తగిలించే చిన్న తేమ మీటరూ. అంతే.

ఇలా పెట్టాక ఫ్రేములో పట్టేది పది మిల్లీమీటర్ల వెడల్పు, అంటే మన చిటికెన వేలి గోరంత. ఫోకస్ నిలిచే లోతు వెంట్రుక మందం. లెన్సుకీ ఆకుకీ మధ్య నాలుగైదు సెంటీమీటర్ల జాగా.

ఇంట్లో స్టీలు పళ్లెంలో ఉప్పునీళ్లు ఆరబెట్టి ప్రాక్టీసు చేశాను. ఇక్కడో చిన్న పక్కదారి. యూట్యూబ్‌లో రంగురంగుల స్ఫటికాల ఫొటోలు చూసి, నేనూ పోలరైజర్ ఫిల్టర్ పెట్టి ప్రయత్నించాను. కంప్యూటర్ మానిటర్ మీద తెల్ల స్క్రీన్ పెడితే అందులోంచి వచ్చేదే పోలరైజ్ అయిన వెలుగు, అంటే ఒకే దిశలో కంపించే వెలుగు. దాని ముందు గాజుపలక మీద స్ఫటికం ఉంచి, లెన్సు మీది ఫిల్టర్ తిప్పితే చీకట్లో రంగులు వెలగాలి. ఉప్పుతో ఏమీ రాలేదు. నల్లగా ఉండిపోయింది. ఫిల్టర్ పాడైందేమో అనుకున్నాను. పంచదార పలుకులు పెట్టి చూస్తే నీలం, నారింజ, గులాబీ. మాస్టారికి ఫోన్ చేస్తే నవ్వారు. ఉప్పు స్ఫటికం ఘనాకారపు అమరిక, వెలుగు ఏ దిక్కు నుంచి వెళ్లినా దానికి ఒకటే. పంచదార అలా కాదు, దిక్కుని బట్టి వెలుగుని రెండుగా చీల్చి వేరువేరు వేగాలతో పంపుతుంది, ఆ తేడాలోంచే రంగులు. "ఉప్పు నల్లగా రావడమే దాని ఫొటో అండీ" అన్నారు. ఆ మాట అప్పుడు నచ్చలేదు, రంగులు కావాలనిపించింది. ఇప్పుడైతే ఆ నల్ల ఫొటో దాచుకోనందుకు బాధగా ఉంది.

పళ్లెంలోనే ఇంకోటి కనబడింది. తొందరగా ఆరిన చోట కొన్ని పలుకులు నిండుగా లేవు. నడుమ గుంటపడి, నాలుగు వైపులా మెట్లు దిగుతున్నాయి. అంచులు ముందు పెరిగిపోయి నడుమ వెనకబడితే అలా వస్తాయట. నాకు ద్రాక్షారామంలో సప్తగోదావరి కోనేరు గుర్తొచ్చింది. ఎడంచేతి గోటి మీద పట్టేంత జాగాలో అలాంటి కోనేళ్లు ఇరవై ఉన్నాయి.

మిట్టమధ్యాహ్నం

మొదటి రోజు పదింపావుకి వెళ్లాను. తేమ మీటరు 74 చూపిస్తోంది. ఆకుల మీద బొట్లు చిక్కబడి, అంచుల్లో తెల్లగా పొర కడుతున్నాయి. పదకొండున్నరకి 62. బొట్టున్న చోట గుప్పెడు రవ్వ చల్లినట్టు పలుకులు.

ఎండ నెత్తి మీద. ఆకు అడ్డంగా ఉంటే వెలుగు నేరుగా దిగి అంతా తెల్లగా చదునైపోతోంది, పైగా లెన్సు నీడే ఆకు మీద పడుతోంది. ట్రేసింగ్ పేపరు అడ్డుపెట్టి మెత్తబరిస్తే ఉప్పు పిండిలా కనబడుతోంది. పావుగంట అవస్థ పడ్డాక తోచింది: ఎండని కదపలేను గానీ ఆకుని తిప్పొచ్చు కదా. వెదురు పుల్ల బురదలో గుచ్చి, బట్టల క్లిప్పుతో ఆకు కొసని పట్టి, గోడలా నిలువుగా నిలబెట్టాను. కొమ్మ నుంచి తెంపలేదు. అంతే, నెత్తి మీది ఎండ ఆకు ముఖం మీద జారుతూ పడింది. ప్రతి పలుకూ తన నీడ తను పరిచింది. ఘనాల పైముఖాలు కొన్ని అద్దపుముక్కల్లా తళుక్కుమన్నాయి, కొన్నిటి లోంచి ఆకు పచ్చదనం కనబడింది. పొద్దున్న ఆరున్నరకి నేను ఎదురుచూసే పక్క వెలుగు మధ్యాహ్నం పన్నెండుకి దొరికింది, దాన్ని మించి కూడా దొరికింది. మెత్తటి ఎండలో ఆ అంచులు అంత పదునుగా రావు.

ఎఫ్ 11, సెకనులో 800వ వంతు, ఐఎస్ఓ 400. చాలా ఫ్రేములు కలిపి కుట్టే ఫోకస్ స్టాకింగ్ ఆరుబయట కుదరలేదు, ఆకు ఊగుతుంది. ఆకు తలాన్ని సెన్సర్‌కి సమాంతరంగా తెచ్చుకుని, ఊపిరి బిగబట్టి, ముందుకీ వెనక్కీ ఒరుగుతూ వరసగా నొక్కడమే. వందకి రెండు నిలిచాయి.

ఊపిరి సంగతి ఇక్కడ చెప్పాలి. గాలికి ఆకు ఊగుతోందని రెండో రోజు టార్పాలిన్ కట్టాను, నెత్తిమీద గొడుగు పెట్టించాను. ఇప్పుడు హాయిగా తీద్దామని మొహం ఆకు దగ్గర పెట్టి కూర్చున్నాను. నాలుగు నిమిషాల్లో పలుకుల అంచులు మొద్దుబారాయి. ఫోకస్ తప్పిందనుకుని సరిచేశాను. ఇంకా మొద్దుబారాయి. మూలలు గుండ్రబడి, పక్కపక్క పలుకులు ఒకదాన్నొకటి అంటుకుని, నా కళ్లెదుటే ఒక కాలనీ చెరువైపోయింది. ఎండ తగలక ఆకు చల్లబడింది, గాలి ఆడడం లేదు, నా ఊపిరంతా అక్కడే తిరుగుతోంది. తేమ మీటరు ఆకు పక్కన పెట్టి చూస్తే 81. గొడుగు తీసేయించాను, టార్పాలిన్ విప్పేశాం. పది నిమిషాల్లో కొత్త పలుకులు మొలిచాయి, ఈసారి వేరే చోట.

అమెరికాలో వెర్మాంట్ రైతు విల్సన్ బెంట్లీ 1885లో మొదటిసారి ఒక మంచు స్ఫటికాన్ని మైక్రోస్కోపుకి కెమెరా బిగించి ఫొటో తీశాడు. తర్వాత జీవితమంతా అదే పనిలో ఉండి 5,000 పైగా తీశాడు. నిప్పు లేని చల్లటి కొట్టంలో పనిచేసేవాడట. చదివినప్పుడు పిచ్చి మనిషి అనుకున్నాను. మూతికి తుండుగుడ్డ కట్టుకుని బురదలో కూర్చున్నాక ఆ మాట వెనక్కి తీసుకున్నాను.

మూడో రోజు తీసినవే చివరికి గోడకెక్కాయి. క్లిప్పు పెట్టిన ఒకే ఆకు, మూడు వేళలు: ఆరున్నరకి బొట్టు, పదీ నలభైకి అంచు తెల్లబడుతున్న చిక్కటి బొట్టు, పన్నెండుంబావుకి పలుకులు. ఒంటిగంట దాటాక సముద్రం గాలి తిరిగింది. మొహానికి చల్లగా తగిలిన కాసేపటికే ఆకు మీద మెరుపు తగ్గింది. నాలుగో ఫొటోగా అదీ తీయాల్సింది. బ్యాటరీ అయిపోయింది, ఇంకోటి ముందురోజు పెళ్లి తాలూకు సంచిలో ఉండిపోయింది.

మొటిమలు తీసేశాను

అసలు తప్పు బురదలో జరగలేదు, కంప్యూటర్ ముందు జరిగింది. పెళ్లి ఆల్బమ్ చేసేవాడి చెయ్యి ఊరుకోదు. పెళ్లికూతురి బుగ్గ మీద మచ్చ కనబడితే తుడిచేస్తుంది. ఆకు మీద పలుకుల మధ్య చిన్న చిన్న గుంటలు, సూదితో గుచ్చినట్టు. సెన్సర్ మీద దుమ్మో, ఆకు రోగమో అనుకుని ఒక్కొక్కటే హీలింగ్ బ్రష్‌తో తీసేశాను. రెండు గంటల పని. ఆకు పట్టుచీరలా నున్నగా వచ్చింది.

మాస్టారు ప్రింటు ముందు నిలబడి చాలాసేపు వెతికారు.

"గ్రంథులు కనబడాలి కదండీ? ఆకు పై ముఖం మీద చిన్న చిన్న గుంటల్లో ఉంటాయి."

నాకు చెమటలు పట్టాయి. ఉప్పు పుట్టే నోళ్లనే మూసేశాను. రా ఫైల్, అంటే కెమెరా తీసిన అసలు ఫైలు, ఉంది కాబట్టి బతికాను. మళ్లీ మొదటి నుంచి చేశాను. ఈసారి ముట్టుకున్నది తెలుపు సరిచూడ్డం, కాస్త కాంట్రాస్టు, అంతవరకే. గుంటలు అలాగే ఉన్నాయి. ఒక గుంట పక్కనే ఒక పలుకు, అది పుట్టిన చోటుకి అతుక్కుని ఉంది. తీసేసిన ఫొటోకన్నా ఇదే చూడబుద్ధేసింది. ఏది ఎక్కడ నుంచి వచ్చిందో తెలుస్తోంది.

కొలత కూడా మర్చిపోయాను. ఫొటోలో పలుకులు పటికబెల్లం ముక్కలంత కనబడుతుంటే పిల్లలు నిజంగా అంతే అనుకుంటారు. అదే అమరికతో స్టీలు స్కేలుని ఫొటో తీసి, మిల్లీమీటరు గీతని ప్రతి ప్రింటు కిందా వేశాం.

ప్రదర్శన

మూడు ప్రింట్లు, ఒక్కోటి రెండడుగుల వెడల్పు, మాట్ కాగితం. గ్లాసీ వేస్తే ట్యూబులైట్ల మెరుపు పడి పలుకుల మెరుపు పోయేది. పక్కన మాస్టారు పిల్లల చేత చేయించిన నమూనా: రెండు రంగుల గోళీలు ఒకటి విడిచి ఒకటి, మూడు దిక్కులా పేర్చిన డబ్బా. ఉప్పులో సోడియం, క్లోరిన్ అలా అమరి ఉంటాయని బ్రాగ్ తండ్రీకొడుకులు 1913లో ఎక్స్‌రేల సాయంతో తేల్చారు, 1915లో ఇద్దరికీ కలిపి నోబెల్ వచ్చింది. ఆ గోళీల డబ్బా మూలలూ ఫొటోలో పలుకు మూలలూ ఒకే రకంగా ఉండడం ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకత్తే కనిపెట్టి, వేలితో రెంటినీ మార్చి మార్చి చూపించింది. చాలామంది మాత్రం మొదటి ప్రింటు దగ్గరే ఆగారు, బొట్టులో తలకిందుల పడవ ఉన్నది. ఉప్పు లేదని నేను పక్కన పడేసిన ఉదయపు ఫొటోల్లాంటిదే అది.

పడవాయనకి ఒక ప్రింటు ఇస్తానని ముందే మాటిచ్చాను. స్టూడియోకొచ్చి మూడూ చూశారు, బాగున్నాయండీ అన్నారు గానీ ఏదీ తీసుకోలేదు. మానిటర్ మీద ఇంకో ఫొటో తెరిచి ఉంది. పరిమాణం తెలియడానికి ఆయన బొటనవేలిని ఆకు పక్కన పెట్టమని తీసిన టెస్టు ఫొటో. ఫోకస్ ఆకు మీద సరిగా లేదు, వేలి మీద పడింది. పాయలో ముంచిన చెయ్యి ఎండకి ఆరి, బొటనవేలి పగుళ్లన్నిటి వెంటా సన్నటి ఘనాలు వరస కట్టి ఉన్నాయి. ఆకు మీద ఉన్నవే.

"ఇదివ్వండి బాబుగారూ. నా వేలేనండి ఇది."

అదే సైజులో, అదే కాగితం మీద వేసిచ్చాను. కింద మిల్లీమీటరు గీత వేయడం కూడా మర్చిపోలేదు.